నిర్మాణ సైట్‌లో బండ్లు లేపే దుమ్మును ఎలా ఆపాలి? ట్యాంకర్‌ను పిలిచే ముందు రోడ్డు చూడండి

పొద్దున్నే నీళ్లు కొట్టిస్తారు. మొదటి రెండు గంటలు రోడ్డు తడిగా, నల్లగా ఉంటుంది. పది దాటేసరికి ఎండ ముదురుతుంది, టిప్పర్లు వరుసకట్టి వస్తాయి. పదిన్నరకల్లా గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి మనకు కనపడడు. మళ్లీ ట్యాంకర్‌కు ఫోన్. చాలా సైట్లలో దుమ్మును అదుపు చేయడమంటే రోజంతా నడిచే ఈ తంతే. నేనూ చాలాకాలం ఇలాగే చేశాను. నీళ్లు దుమ్మును కాసేపు పడుకోబెడతాయి, అంతకుమించి ఏమీ చేయవని తెలుసుకోవడానికి రెండు వేసవులు పట్టింది. దుమ్ము పుట్టేది రోడ్డు మీద పేరుకున్న మెత్తటి పొడిలోంచి. ఆ పొడి అక్కడే ఉండి, దాన్ని చక్రాలు నలుపుతూ ఉంటే ఎన్ని ట్యాంకర్లు తెప్పించినా చాలవు.

అందుకని ఇక్కడ పనుల వరుస మార్చి చెబుతున్నాను. ముందు రోడ్డు, తర్వాత బండ్ల రాకపోకలు, ఆ తర్వాతే నీళ్లు. మీ సైట్ చిన్నదైనా పెద్దదైనా ఈ వరుస పనికొస్తుంది.

దీనికి ఇంత పట్టుదల ఎందుకో ఒక మాట. కంటికి కనపడే దుమ్ము చాలావరకు పెద్ద రేణువులే. అవి ముక్కులో, గొంతులో ఆగుతాయి. ప్రమాదమంతా కంటికి కనపడని వాటితోనే. 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులను పీఎం10 అంటారు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే వీటి పరిమాణం ఊహించుకోవచ్చు. గాలి కదలకుండా ఉన్నా సరే, మనిషి ఎత్తు నుంచి 10 మైక్రాన్ల రేణువు కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్ రేణువుకైతే గంటలే పడుతుంది. టిప్పర్ వెళ్లిపోయి, దుమ్ము తగ్గిపోయిందని మనం అనుకునే సమయంలో కూడా పక్కనున్నవాళ్లు దాన్ని పీలుస్తూనే ఉంటారు. ఇసుకలో, కంకరలో, పగిలిన కాంక్రీటులో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లి మచ్చలు చేస్తుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ఈ సిలికా దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

మొదటి పని: సైట్ అంతా నడిచి చూడండి

కాగితం, పెన్ను తీసుకుని ఎండ బాగా ఉన్న సమయంలో, బండ్లు తిరుగుతున్నప్పుడు బయల్దేరండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య సరిగ్గా సరిపోతుంది. సైట్ పటం గీసుకుని దాని మీద మూడు రకాల గుర్తులు పెట్టండి: దుమ్ము ఎక్కువగా లేస్తున్న చోటు, బండ్లు మలుపు తిరిగే లేదా బ్రేక్ వేసే చోటు, గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందో ఆ దిశ. గాలి వెళ్లే వైపు ఏముందో రాసుకోండి. ఇళ్లా, బడా, ఆస్పత్రా, మన సొంత ఆఫీస్ షెడ్డా? నేను చూసినంతలో సైట్ మొత్తం దుమ్ములో ఎక్కువ భాగం రెండు మూడు చోట్ల నుంచే వస్తుంది. గేటు నుంచి మొదటి యాభై మీటర్లు, లోడు దించే చోట బండి వెనక్కి తిప్పే స్థలం, ఇంకా ఏదో ఒక గుంతల మలుపు.

ఆ చోట్ల రోడ్డు మీది పొడిని చూడాలి. రోడ్డు అడ్డంగా ఒక అడుగు వెడల్పు పట్టీని కుంచెతో మెల్లగా ఊడ్చి, వచ్చిన పొడిని పక్కలు నిలువుగా ఉన్న గాజు సీసాలో మూడోవంతు వరకు పోయండి. మిగతాది నీళ్లతో నింపి గట్టిగా కుదిపి కింద పెట్టండి. మొదటి నిమిషంలో అడుగున చేరేది ఇసుక. గంట రెండు గంటల్లో దాని మీద ఇంకో పొరగా దిగేది ఒండు, అంటే పిండిలాంటి మన్ను. ఇంకా నీళ్లలో కలిసి మబ్బుగా ఉండేది బంకమన్ను. పై రెండు పొరలు ఎంత మందంగా ఉంటే మీ రోడ్డు అంత దుమ్ము లేపుతుంది.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. మట్టి రోడ్ల దుమ్మును లెక్కగట్టడానికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాడే సూత్రంలో ప్రధానమైనవి రెండే: రోడ్డు పైపొరలో 75 మైక్రాన్ల కంటే సన్నని పొడి ఎంత శాతం ఉంది, బండ్ల సగటు బరువు ఎంత. ఆ సన్నపొడి రెట్టింపైతే పీఎం10 దుమ్ము దాదాపు 1.9 రెట్లు అవుతుంది. బండి బరువు రెట్టింపైతే మాత్రం సుమారు 1.4 రెట్లే. అంటే పొడి మీద పెట్టే శ్రమకే ఎక్కువ ఫలితం. ఈ లెక్క నుంచి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది, దాన్ని కింద చెబుతాను.

రెండో పని: బండి తిరిగే దారిని తగ్గించండి

లేవని దుమ్మును ఆపాల్సిన పనే ఉండదు. కాబట్టి ఏ బండి ఎక్కడిదాకా వెళ్లాలో ముందే తేల్చండి. సిమెంట్ బస్తాల బండి, స్టీల్ బండి, పనివాళ్ల మోటార్‌సైకిళ్లు, ఇంజినీర్ల కార్లు అన్నీ సైట్ లోపలిదాకా రావాల్సిన అవసరం లేదు. పార్కింగ్ గేటు దగ్గర గట్టి నేల మీద పెట్టండి. స్టాక్ యార్డును గేటుకు దగ్గరగా, అయితే గాలి ఇళ్ల వైపు తోయని చోట పెట్టండి. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ఉండి మధ్యలో వెనక్కి తిప్పే పని లేకపోతే చాలా మేలు. నిలబడ్డ చోటే స్టీరింగ్ తిప్పితే టైరు నేలను తిరగలిలా నూరుతుంది. కొత్త పొడి అక్కడే పుడుతుంది.

ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. బరువు రెట్టింపైన బండి దుమ్మును 1.4 రెట్లు లేపుతుంది, కానీ ట్రిప్పులు సగమవుతాయి. మొత్తం మీద దుమ్ము మూడోవంతు దాకా తగ్గుతుంది. రెండు చిన్న బండ్ల కంటే ఒక పెద్ద బండే నయం, అయితే రోడ్డు ఆ బరువును మోయగలగాలి. మెత్తటి నేల మీదికి పెద్ద టిప్పర్‌ను దించితే గాడులు పడి, గుంతలై, అవి ఎండాక పొడిగా మారతాయి. అప్పుడు చేసిన లాభమంతా పోతుంది.

వాడని దారులను తప్పనిసరిగా మూసేయండి. తెరిచి ఉంటే డ్రైవర్లు అడ్డదారి తొక్కుతారు, అది వాళ్ల తప్పు కూడా కాదు. రెండు పెద్ద బండరాళ్లు అడ్డంగా పెడితే చాలు. బోర్డు పెడితే ఎవరూ చూడరు.

మూడో పని: రోడ్డు వేయండి

అసలు పని ఇదే. "నాలుగు నెలల సైట్, దీనికి రోడ్డెందుకు?" అన్నది అందరూ వేసే ప్రశ్న. నాలుగు నెలలు రోజూ ట్యాంకర్‌కు పెట్టే ఖర్చు, బురదలో దిగబడ్డ బండ్లను లాగడానికి పోయే గంటలు, టైర్లు, స్ప్రింగుల ఖర్చు ఒక పక్క రాసుకోండి. కంకర ఖర్చు ఇంకో పక్క రాయండి. జవాబు మీకే దొరుకుతుంది.

అన్నిటికంటే మంచి ఉపాయం, ప్రాజెక్టులో చివరికి ఎలాగూ వేయాల్సిన రోడ్ల అడుగు పొరలను మొదట్లోనే వేసేయడం. పైపొర చివర్లో వేసుకోవచ్చు. అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, పని సాగినన్నాళ్లూ గట్టి రోడ్డు ఉంటుంది. ప్లాన్ గీసే దశలోనే ఇది అడగాలి. పని మొదలయ్యాక అడిగితే ఆలస్యమైపోతుంది.

అది కుదరకపోతే ఇలా చేయండి. పైన ఉన్న మెత్తటి మట్టిని, గడ్డి వేళ్లున్న పొరను తీసేయండి. నేలను కొద్దిగా తడిపి రోలర్ నడపండి. నేల మెత్తగా ఉంటే కంకర వేసే ముందు జియోటెక్స్‌టైల్ బట్ట (మట్టినీ కంకరనూ కలవనివ్వని గట్టి సింథటిక్ బట్ట) పరవండి. దీన్ని చాలామంది అనవసర ఖర్చు అనుకుని వదిలేస్తారు. బట్ట లేకపోతే బరువుకు కంకర కిందికి దిగి, కింది మన్ను రాళ్ల సందుల్లోంచి పైకి వస్తుంది. రెండు నెలలకు మీరు వేసిన కంకర ఏమైందో కూడా తెలియదు. బట్ట మీద కనీసం 15 సెంటీమీటర్ల మందంలో కంకర వేసి, పొరపొరగా రోలింగ్ చేయండి. బరువు బండ్లు ఎక్కువైనా, నేల బలహీనంగా ఉన్నా ఇంకా మందం కావాలి. అది నేల పరీక్ష చూసి ఇంజినీర్ తేల్చాలి.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. కంకర మీద బండ్లు ఎగుడుదిగుడుగా పోతున్నాయని, చదును కోసం పైన క్రషర్ డస్ట్, అంటే రాళ్లు పగలగొట్టినప్పుడు మిగిలే పొడి, చల్లుతారు. మొదటిరోజు చూడటానికి బాగుంటుంది. మూడోరోజు నుంచి దుమ్మే దుమ్ము, ఎందుకంటే మనం సొంత చేతులతో పొడి తెచ్చి చక్రాల కింద పోశాం. రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి కొంత బంక ఉన్న సన్నటి పదార్థం లోపల ఉండాలి, నిజమే. అది అస్సలు లేకపోతే రాళ్లు దొర్లిపోతాయి. కానీ దాని స్థానం రోలింగ్ అయిన పొర లోపల, రాళ్ల మధ్య. పైన వదులుగా పరిచింది దుమ్ముకు విత్తనమే. పాత కాంక్రీటును పగలగొట్టి వాడుతున్నా ఇదే జాగ్రత్త పాటించండి. జల్లెడ పట్టి పొడి తీసేసిన ముక్కలే వాడండి.

రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు పక్కలకు 4 శాతం వాలుతో ఉండాలి. ఆరు మీటర్ల రోడ్డుకు మధ్యభాగం అంచుల కంటే సుమారు 12 సెంటీమీటర్లు ఎత్తు. పక్కన చిన్న కాలువ తవ్వండి. నీళ్ల గురించి ఇంత శ్రద్ధ దుమ్ముకు ఎందుకంటారా? నిన్న నిలిచిన నీటిగుంటే నేటి బురద, ఆ బురదే రేపటి పొడి. వాన పడ్డ తర్వాత రెండోరోజు సైట్‌లో దుమ్ము ఎందుకు ఎక్కువగా లేస్తుందో ఎప్పుడైనా గమనించారా? కారణం ఇదే.

రోడ్డు వేసి వదిలేస్తే కుదరదు. వారానికి ఒకసారి గుంతలు పూడ్చండి. అంచులకు చేరిన పొడిని, కంకరలోకి దిగిన బురదను గీకి తీసి బయట పడేయండి. ఆ మెత్తటి మన్ను మళ్లీ రోడ్డు మీదికి నెట్టకండి, రోడ్డు చదును చేసే గ్రేడర్ యంత్రం నడిపేవాళ్లు అలవాటుగా అదే చేస్తుంటారు.

నాలుగో పని: వేగం, దూరం

వేగం సగానికి తగ్గితే దుమ్ము కూడా దాదాపు సగం తగ్గుతుంది. మట్టి దారిలో గంటకు 15 కిలోమీటర్లు, గట్టి కంకర దారిలో 20 కిలోమీటర్లకు మించకుండా చూడండి. బోర్డు ఒక్కటే పెడితే ఎవరూ పాటించరు. డ్రైవర్‌కు ట్రిప్పు లెక్కన డబ్బులిస్తూ మెల్లగా వెళ్లమంటే ఎలా వెళ్తాడు? వీలైతే ఆ లెక్కను రోజువారీకి మార్చండి, లేదా రోజుకు ఇన్ని ట్రిప్పులే అని ముందే మాట్లాడుకోండి. స్పీడ్ బ్రేకర్ వేసేట్టయితే గట్టి రోడ్డు మీదే వేయండి. మట్టి దారిలో వేస్తే బ్రేక్ వేసే చోట, మళ్లీ గేర్ మార్చి లాగే చోట నేల చెదిరి రెండు కొత్త గుంతలు పడతాయి.

బండికీ బండికీ మధ్య దూరం కూడా ముఖ్యం. ముందు బండి లేపిన మబ్బులోకి వెనక డ్రైవర్ నేరుగా వెళ్తాడు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ గనుల్లో కొలిచి చూసినప్పుడు, లారీల మధ్య 20 సెకన్ల ఎడం ఉంచితే వెనక లారీకి తగిలే సన్నటి దుమ్ము దాదాపు సగం తగ్గింది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో 20 సెకన్లంటే 110 మీటర్లు. డ్రైవర్లకు మీటర్లు చెప్పకండి. "ముందు బండి ఆ స్తంభం దాటాక నువ్వు కదులు" అని చెప్పి ఆ స్తంభానికి ఎర్ర రంగు వేయండి. దుమ్ములో హెడ్‌లైట్లు వేసుకునే నడపమనండి. దుమ్ము చాటున వెనక్కి వచ్చే బండి కింద పడి మనుషులు పోయే ప్రమాదం ఊపిరితిత్తుల జబ్బు లాగా ఏళ్లు ఆగదు.

ఇంకో చిన్న సంగతి. పొగగొట్టం నేల వైపు ఉన్న బండి నిలబడి ఉన్నా దుమ్ము లేపుతుంది. పైకి లేదా పక్కకు తిప్పించండి.

అయిదో పని: ఇప్పుడు నీళ్లు

లెక్కతో మొదలుపెడదాం. ఒక చదరపు మీటరు మీద 1 లీటరు పోస్తే 1 మిల్లీమీటరు మందం తడి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అది గంట, రెండు గంటల్లో ఆరిపోతుంది. 300 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు రోడ్డుకు ఒక విడతకు 1,800 లీటర్లు. రోజుకు ఆరు విడతలంటే 10,800 లీటర్లు. ఈ అంకె చూశాక కంకర రోడ్డు వేయడం ఎంత నయమో ఇంకోసారి అనిపిస్తుంది. గట్టి రోడ్డుకు రెండు మూడు విడతలు సరిపోతాయి.

ఎక్కువ పోస్తే ఎక్కువ ఫలితం అనుకోకండి. పైపొరలో సహజంగా ఉండే తేమను రెట్టింపు చేస్తే దుమ్ము సుమారు 75 శాతం తగ్గుతుందని ఈపీఏ లెక్కలు చెబుతున్నాయి. అంతకుమించి ఎంత తడిపినా లాభం చాలా మెల్లగా పెరుగుతుంది. అయిదు రెట్లు తడిపితే 95 శాతం. ఆ చివరి 20 శాతం కోసం పోసే నీళ్లే బురద చేస్తాయి. అందుకే కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు కొట్టించండి. చేతిలోకి తీసుకుంటే ముద్ద కట్టకుండా, ఊదితే లేవకుండా ఉండాలి. అంత తడి చాలు.

ట్యాంకర్ వెనక ఉన్న పైపు నుంచి ధారగా వదిలితే నేల కోసుకుపోయి చాళ్లు పడతాయి, ఒకచోట బురద, పక్కనే పొడి. అడ్డంగా ఒక పైపు పెట్టించి, విసనకర్ర ఆకారంలో చిమ్మే నాజిళ్లు బిగించండి. ఒక నాజిల్ చిమ్మింది పక్క నాజిల్ దాన్ని కొంచెం తాకాలి. నేలకు తక్కువ ఎత్తులో ఉంటే గాలికి నీళ్లు కొట్టుకుపోవు. ట్యాంకర్ మనిషి నడిచే వేగంతో వెళ్లాలి. ఆ పని మీద వచ్చిన ట్యాంకర్ వేగంగా తిరిగి తానే దుమ్ము లేపడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

మొదటి విడత తొలి బండి రాకముందే అయిపోవాలి. ఎండిన రోడ్డు మీద బండ్లు తిరగడం మొదలయ్యాక కొట్టే నీళ్లకు సగం బలమే ఉంటుంది. ఆఖరి బండి పోయాక కూడా ఒక విడత వేయండి, రాత్రి గాలికి లేవకుండా. వాలు మీద రోడ్డంతా తడపకండి. లోడుతో దిగే బండి జారుతుంది. కొంత తడి, కొంత పొడి పట్టీలుగా వదులుతూ కొట్టాలి, బ్రేక్ వేసే చోట మరీ తక్కువ.

తాగునీళ్లు ఈ పనికి వాడకండి. వాననీటి గుంట, శుద్ధి చేసిన నీళ్లు ఉంటే అవి వాడండి. శుద్ధి చేయని మురుగునీళ్లు మాత్రం వద్దు, ఆ తుంపర్లను పీల్చేది మనుషులే.

నీళ్లను మంచులా సన్నగా చిమ్మే ఫాగ్ గన్‌ల గురించి అందరూ అడుగుతారు. కూల్చివేతల దగ్గర, లోడు దించే ఒకేచోట అవి బాగా పనిచేస్తాయి. నడిచే బండి వెనక లేచే దుమ్ముకు నా అనుభవంలో అవి చాలావరకు చూపుకే. ఆ ఖర్చు రోడ్డు మీద పెట్టండి.

ఆరో పని: నీళ్లు చాలనిచోట బంధించే మందులు

కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కుని రోడ్డును తడిగా ఉంచుతాయి. గాలిలో తేమ సుమారు మూడోవంతు కంటే తగ్గితే వాటి పని ఆగిపోతుంది. ఇనుమును తుప్పు పట్టిస్తాయి, పక్కన చెట్లు, బావులు ఉంటే వాడకూడదు. కాగితపు పరిశ్రమలో వచ్చే లిగ్నిన్ ద్రావణం మట్టిని అతికిస్తుంది, గట్టి వాన పడితే కొట్టుకుపోతుంది. పాలిమర్, తారు ఎమల్షన్లు ఎక్కువకాలం నిలుస్తాయి, అయితే రోడ్డు ముందే చదునుగా, గట్టిగా ఉండాలి. గుంతల మీద ఏ మందూ నిలవదు. ముందు 20 మీటర్ల ముక్కలో వేసి వారం చూశాకే మిగతాది వేయండి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం ఎప్పుడూ, ఎంత చౌకగా వచ్చినా చల్లొద్దు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో టైమ్స్ బీచ్ అనే ఊళ్లో 1970లలో దుమ్ము అణచడానికి మట్టిరోడ్ల మీద వ్యర్థ నూనె చల్లించారు. అందులో డయాక్సిన్ అనే విషం కలిసి ఉందని తర్వాత తేలింది. 1983లో ప్రభుత్వం ఆ ఊరినే కొనేసి, సుమారు 2,000 మందిని అక్కడి నుంచి తరలించింది. ఆ ఊరు ఇప్పుడు లేదు.

ఏడో పని: గేటు దాటనివ్వకండి

లోపలి బురద టైర్లతో బయటి రోడ్డుకెక్కి ఎండితే, దాన్ని మన బండ్లే కాదు, ఆ దారిన పోయే ప్రతి బస్సూ, ప్రతి కారూ రోజంతా పొడిచేసి లేపుతుంది. మన సైట్ మూసిన తర్వాత కూడా ఆ దుమ్ము లేస్తూనే ఉంటుంది. చుట్టుపక్కలవాళ్ల కోపం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది, అందులో న్యాయం ఉంది.

గేటుకు లోపల కనీసం 15 మీటర్ల పొడవున, 15 సెంటీమీటర్ల మందంలో, 40 నుంచి 75 మిల్లీమీటర్ల పెద్ద కడిగిన కంకర పరవండి, కింద బట్టతో సహా. టైరు దాని మీద దొర్లుతుంటే సందుల్లోని బురద ఊడి రాళ్ల మధ్య పడుతుంది. ఆ రాళ్ల సందులు నిండిపోతే అది ఉత్త బురద రోడ్డే. తిరగేయండి, లేదా మార్చండి. ఎప్పుడు మార్చాలో తెలియడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు, రాళ్ల మధ్య చీకటి ఖాళీలు కనపడుతున్నాయా లేదా చూస్తే చాలు.

జిగట మట్టి అయితే ఇది చాలదు, చక్రాలు కడగాలి. టిప్పర్ టైరు చుట్టుకొలత మూడు మీటర్ల పైనే ఉంటుంది. టైరు కనీసం మూడు చుట్లు తిరిగేలా కడిగే తొట్టి సుమారు పది మీటర్లు ఉంటేనే అన్ని వైపులా శుభ్రమవుతుంది. మూడు మీటర్ల తొట్టి కట్టి "మాకూ వీల్ వాష్ ఉంది" అనుకోవడంలో అర్థం లేదు. తొట్టి నుంచి బయటి రోడ్డు మధ్య కొన్ని మీటర్ల కాంక్రీటు వదలండి, నీళ్లు అక్కడ కారిపోతాయి. కడిగిన నీళ్లను రెండు గుంటల్లో తేర్చి మళ్లీ వాడుకోవచ్చు. కాలువలోకి వదలకండి.

ఇంత చేసినా బయట కొంత పడుతుంది. రోజూ సాయంత్రం లోపే తీయించండి. పొడి చీపురుతో ఊడిస్తే మళ్లీ గాల్లోకే. ముందు తేలిగ్గా తడిపి పారతో ఎత్తండి, లేదా దుమ్ము పీల్చే స్వీపర్ బండి తెప్పించండి. కంప్రెసర్ గాలితో ఊదించడం అసలు పనికిరాదు.

లోడుల సంగతి క్లుప్తంగా. బాడీ అంచుకంటే ఒక జానెడు దిగువకే నింపాలి, పైన టార్పాలిన్ బిగించి కట్టాలి, వెనక తలుపు సందుల్లోంచి కారకూడదు. ఖాళీ బండికీ టార్పాలిన్ కప్పించండి. అడుగున మిగిలిన పొడి దారంతా ఎగురుతుంది.

మనుషుల సంగతి

అన్నీ చేసినా మిగిలే దుమ్మును ముందుగా పీల్చేది గేటు దగ్గర జెండా పట్టుకునే మనిషి. ఆయన్ను గాలి వచ్చే వైపు నిలబెట్టండి, రెండు గంటలకోసారి మార్చండి. ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు ఇవ్వండి. ముఖానికి చుట్టుకునే తుండుగుడ్డ పెద్ద రేణువులనే ఆపుతుంది, సన్నవి దాని నేతలోంచి తేలిగ్గా లోపలికి వెళ్తాయి. మాస్కు అంచులు ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే సందు మిగులుతుంది. డ్రైవర్లను అద్దాలు మూసుకుని నడపమనండి. అలా నడపాలంటే క్యాబిన్‌లో ఏసీ పనిచేయాలి, ఫిల్టర్ మార్చాలి. ఏసీ లేని క్యాబిన్‌లో ఎండాకాలం అద్దాలు మూయమని అడగడం న్యాయం కాదు.

నడిచే దారిని బండ్ల దారికి గాలి వచ్చే వైపున వేయండి. ఇళ్ల వైపు అడ్డు కట్టేటప్పుడు రేకుల కంటే సగం సందులున్న వల నయం. గాలి రేకును కొట్టి పైనుంచి దూకి అవతల సుడి తిరుగుతుంది. వలలో నుంచి మెల్లబడి పోతుంది, రేణువులు అక్కడే రాలిపోతాయి.

రోజూ చూడాల్సినవి, ఆపాల్సిన వేళ

రోజుకు మూడుసార్లు ఒకేచోట నిలబడి ఒకే వైపు ఫొటో తీయండి. వారం తర్వాత వరుసగా చూస్తే ఏ వేళ తప్పుతున్నారో తెలుస్తుంది. సరిహద్దు దగ్గర ఒక తెల్ల పళ్లెం పెట్టి సాయంత్రం వేలితో రాయండి. గీత పడితే దుమ్ము బయటికి పోతోందన్న మాటే. కుదిరితే పీఎం10 మీటరు పెట్టండి. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 45 మైక్రోగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

గాలి గంటకు 40 కిలోమీటర్లు దాటి వీస్తుంటే, లేదా నీళ్లు కొట్టినా దుమ్ము గోడ దాటుతుంటే, బండ్లను ఆపండి. ఆపే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టండి. ఆ పేరు సైట్‌లో ఉండే సూపర్‌వైజర్‌ది అయి ఉండాలి. ఆఫీస్‌లో కూర్చున్నవాళ్లకు ఫోన్ చేసి అనుమతి తెచ్చుకునేలోపు ఇరవై బండ్లు పోతాయి.

చివరగా, వీల్ వాష్ గుంటలో అడుగున చేరే మన్ను గురించి. అది మీరు ఇన్నాళ్లు కష్టపడి పట్టుకున్న సన్నపొడే. గుంట పక్కన కుప్పగా పోసి ఎండనివ్వకండి. తడిగా ఉండగానే ఎత్తి, టార్పాలిన్ కప్పిన బండిలో పంపించేయండి.